గురువారం ఏడింటికి యూనిట్ ప్రార్థన

విశాఖ కతోలిక క్రైస్తవుల్లో ఆదివారం పూజకి గుడికి, అంటే చర్చికి, వెళ్తే అందరి ముఖాలూ కనబడేవి. ఎవరింట్లో ఏం జరుగుతోందో తెలిసేది మాత్రం గురువారం సాయంత్రమే. జ్ఞానాపురంలో పునీత పేతురు కెథడ్రల్ చుట్టుపక్కల వీధులు, వన్‌టౌన్ సందులు, మల్కాపురం, గాజువాక క్వార్టర్లు, ఎక్కడైనా సరే, వారానికోసారి ఎవరో ఒకరి ముందుగదిలో చాపలు పడేవి. చెప్పులన్నీ గుమ్మం బయట కుప్పపడేవి. కాగితాల మీద దీని పేరు చిన్న క్రైస్తవ సమాజం. వాడలో మాత్రం యూనిట్ ప్రార్థన, ఇంకా పొట్టిగా యూనిట్.

అన్ని ఇళ్ళు అన్నేళ్ళు ఎలా కలిసున్నాయని ఇప్పటి పిల్లలు అడుగుతుంటారు. అప్పట్లో భక్తి ఎక్కువని పెద్దవాళ్ళ జవాబు. భక్తి ఇప్పుడేమీ తగ్గలేదు, గుళ్ళు నిండుతూనే ఉన్నాయి. అప్పుడున్నవి కొన్ని చిన్న కట్టుబాట్లు. ఎన్ని ఇళ్ళుండాలి, ఎంతసేపు కూర్చోవాలి, టీతో ఏం పెట్టాలి, ఏది మాట్లాడకూడదు, అలాంటివి. అవి ఒక్కోటీ జారుతున్నకొద్దీ యూనిట్లూ చెదిరాయి. అవి తెలిసినవాళ్ళు తగ్గిపోతున్నారు కాబట్టి రాసి పెడుతున్నాం.

ఇళ్ళకెళ్ళి కష్టసుఖాలు కనుక్కోవడం విశాఖ విచారణలకు, అంటే ఒక్కో ఫాదర్ గారు చూసుకునే చర్చి పరిధులకు, కొత్త పని కాదు. ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న సావోయ్ ప్రాంతపు అన్నెసీ నుంచి పునీత ఫ్రాన్సిస్ దె సాల్ సభ గురువులు 1846లో ఇక్కడికి వచ్చారు. 1849లో అదే ఊరి పునీత జోజప్ప సభ మఠకన్యలు వచ్చారు. 1886లో విశాఖ బిషప్పు పాలించే మేత్రాసనమైంది, 2001లో ఆర్చిబిషప్పు పాలించే అతిమేత్రాసనమైంది. చాలాకాలం ఆ ఇళ్ళకెళ్ళే పనంతా ఫాదర్ గారికి సాయంగా మతబోధ చేసే ఉపదేశిగారు, సిస్టర్లు చూసుకునేవారు. ఊరు పెరిగింది. పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, స్టీల్‌ప్లాంటు ఉద్యోగాలకి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చిపడ్డారు. ఒక్క ఉపదేశి ఎన్ని గడపలు తొక్కగలడు? 1990లో ఇండోనేషియాలోని బాండుంగ్‌లో ఆసియా పీఠాధిపతులు, అంటే బిషప్పులు, సమావేశమై, విచారణ అంటే చిన్న చిన్న సమాజాల కూడిక కావాలన్నారు. అప్పట్నుంచి విచారణకర్తలు, అంటే విచారణ చూసుకునే ఫాదర్లు, పలకమీద వీధుల పటం గీసి ఇళ్ళని పంచడం ఎక్కువైంది.

ఆ పంపకంలోనే సగం పని తేలిపోయేది. యూనిట్‌కి 12 నుంచి 20 ఇళ్ళు. ఎనిమిది కంటే తగ్గితే రెండిళ్ళవాళ్ళు ఊరెళ్ళినా పాడేవాళ్ళుండరు. 25 దాటితే ఏ ముందుగదీ పట్టదు, సామియానా కావాలి. సామియానా పడిందంటే అది సభే, మైకు వస్తుంది, మైకుతో ప్రసంగం వస్తుంది. ఇళ్ళన్నీ ఐదు నిమిషాల నడకలో ఉండాలి. ముసలమ్మ చీకట్లో టార్చిలైటు పట్టుకుని ఒక్కర్తీ వచ్చి వెళ్ళగలగాలి, అదీ లెక్క. మధ్యలో పెద్దరోడ్డో రైలు పట్టాలో అడ్డొస్తే అవతలి ఇళ్ళు వేరే యూనిట్‌లోకే వెళ్ళేవి. బంధువులంతా ఒకే యూనిట్‌లో ఉంటామని పట్టుబట్టినచోట మాత్రం ఈ పటం చెడిపోయేది. అన్నదమ్ముల ఆస్తి తగాదా ఒకటి వచ్చిందంటే యూనిట్ రెండు ముక్కలే.

ప్రతి యూనిట్‌కీ ఒక పెట్టె ఉండేది. చిన్న చెక్కపెట్టె, లేకపోతే రేకు సూట్‌కేసు. అందులో ఒక తెల్ల బల్లగుడ్డ, జానెడు మరియమాత స్వరూపం, చిన్న సిలువ, రెండు కొవ్వొత్తి స్టాండ్లు, అగ్గిపెట్టె, ఐదారు పాటల పుస్తకాలు, బైబులు, ఒక లాంగ్ నోట్‌బుక్. ప్రార్థన ఈ వారం ఎవరింట్లోనో పెట్టె ఆ ఇంటికి బుధవారం రాత్రికల్లా చేరాలి. అగ్గిపెట్టె ఎందుకంటే, కొవ్వొత్తి వెలిగించే వేళకి ప్రతి ఇంట్లోనూ వంటింట్లోకి పరుగులు తీసి, దొరక్క, పక్కింటికి పిల్లాణ్ణి పంపించడం మామూలైపోయింది. మరియమాత స్వరూపానికి చేతివేళ్ళు విరగని పెట్టె ఉండేది కాదు. బల్లగుడ్డలో చుట్టకుండా కొవ్వొత్తి స్టాండ్ల పక్కన పడేస్తే మరింకేమవుతుంది?

నోట్‌బుక్ అసలైన సంగతి. పేజీ మధ్యన నిలువు గీత. ఎడమవైపు తేది, ఎవరిల్లు, ఎంతమంది వచ్చారు, చదివిన సువిశేష భాగం, అంటే సువార్త భాగం. కుడివైపు మూడే మాటలు: ఏం పని, ఎవరు, ఎప్పటికి. "కేజీహెచ్ ఆస్పత్రిలో రాత్రి తోడు - ఇద్దరు - శుక్ర, శని." "పిల్ల ఇంటర్ ఫీజు సంగతి ఫాదర్ గారితో - అన్నయ్యగారు - ఆదివారం." తర్వాతి వారం ఆ పని పక్కన టిక్కు పడాలి. మూడు వారాలు టిక్కుల్లేని పేజీలు కనబడితే ఆ యూనిట్ పాటలు పాడుకుని ఇంటికి పోతోందని విచారణకర్తలకి అర్థమైపోయేది. పుస్తకం వెనక పేజీల్లో ఇళ్ళ జాబితా ఉండేది. ఇంటిపేరు, ఎంతమంది, జ్ఞానస్నానం పొందిన విచారణ ఏది, పెళ్ళిరోజు, మంచాన ఉన్నవాళ్ళు, రక్తం గ్రూపు, ఆ ఇంటికి నుయ్యి గానీ చేతిబోరు గానీ ఉందా. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న, ఆదివారం నాడు, తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. పుస్తకం సరిగ్గా రాసుకున్న యూనిట్లకి ముసలివాళ్ళు ఏయే ఇళ్ళలో ఉన్నారో, నీళ్ళు ఎక్కడ తోడుకోవచ్చో వెతుక్కునే పని పడలేదు.

పిలుపులు పిల్లల పని. సాయంత్రం ఆరింటికి ఇద్దరు పిల్లలు బయల్దేరి ప్రతి గుమ్మం ముందూ ఆగి, "అప్పా, ఇయ్యాళ ప్రార్థన మావయ్యోళ్ళింట్లో. ఏడింటికల్లా వచ్చీమన్నారు" అని చెప్పేవారు. అప్పంటే ఇక్కడ అక్క. అందరికీ తెలిసిన సంగతే అయినా పిలవాల్సిందే. పిలవలేదని అలిగి మానేసిన ఇళ్ళున్నాయి. పైగా పిల్లలు తిరిగొచ్చి చెప్పే మాటలు భలే ఉపయోగపడేవి. "ఆళ్ళింట్లో అప్ప ఏడుస్తంది" అని ఒక పిల్ల చెబితే ఆ రాత్రి ప్రార్థన అయ్యాక ఎవరెవరు ఆ ఇంటివైపు నడవాలో పెద్దవాళ్ళు చూసుకునేవారు.

వేళ గురించి తలనొప్పి షిఫ్టులతో. ఏ షిఫ్టు పొద్దున్న ఆరు నుంచి రెండు, బీ షిఫ్టు రెండు నుంచి రాత్రి పది, సీ షిఫ్టు పది నుంచి ఆరు. ఏడింటికి ప్రార్థనంటే బీ షిఫ్టువాళ్ళు ఎప్పటికీ రాలేరు, సీ షిఫ్టువాళ్ళు ఎనిమిదిన్నరకి క్యారియర్ పట్టుకుని బస్సు దగ్గరుండాలి. అందుకే ఎనిమిదింటికల్లా ముగించాలనే నియమం. నెలకోసారి ఆదివారం మధ్యాహ్నం పెడితే గురువారాలు తప్పినవాళ్ళకి కుదిరేది. షిఫ్టు చార్టు అడిగి నోట్‌బుక్ అట్టకి అంటించుకున్న యూనిట్లలో మగవాళ్ళు వచ్చేవారు. లేనిచోట యూనిట్ ఆడవాళ్ళ కూటంగా మిగిలిపోయి, మగవాళ్ళు అరుగుమీద కూర్చుని పాటలు వినేవారు. అది కూడా రావడం కిందే లెక్కేసిన పెద్దలున్నారు. మాకైతే అది రాయితీ ఎక్కువైనట్టే తోస్తుంది.

అక్టోబరు, మే నెలల్లో జపమాల, ఈస్టర్‌కి ముందొచ్చే తపస్సుకాలంలో సిలువమార్గం, మిగిలిన రోజుల్లో సువిశేషం. రెండూ ఒకే రాత్రి పెట్టకూడదు. జపమాలకి ఇరవై, ఇరవైఐదు నిమిషాలు పడుతుంది. దానిమీద సువిశేష పంచుకోలు కూడా పెడితే గంటన్నర దాటి పిల్లలు చాపల మీదే నిద్రపోతారు. 2002లో రెండవ జాన్ పాల్ పోపుగారు జపమాలలో ధ్యానించే ఘట్టాలకి వెలుగు రహస్యాలు కలిపాక గురువారాలకి అవే వచ్చాయి. పాత జపమాల పుస్తకాల్లో అవి లేవు. చేత్తో రాసిన కాగితం పుస్తకం చివర అన్నంతో అంటించిన కాపీలు ఇప్పటికీ కొన్నిళ్ళలో కనబడతాయి.

సువిశేషం చదవడం ఏడు మెట్లలో నడిచేది. దక్షిణాఫ్రికాలోని లుమ్కో సంస్థలో పుట్టిన పద్ధతి ఇది. చదువురానివాళ్ళు కూడా పాల్గొనేలా కట్టింది. మొదట ఒకరు రెండు మాటల్లో ప్రభువుని ఇంట్లోకి ఆహ్వానిస్తారు. తర్వాత రాబోయే ఆదివారం సువిశేషమే చదువుతారు. అందరికీ పేజీ దొరికేదాకా ఆగాలి, ఇక్కడ తొందరపడితే కళ్ళజోడు మర్చిపోయిన తాతగారు ఆ రాత్రంతా వెనకబడే ఉంటాడు. మూడో మెట్టులో ఎవరికి తగిలిన మాట వాళ్ళు పైకి చదువుతారు, ఒక్క మాటే, మూడుసార్లు, మధ్యలో కాస్త ఆగుతూ. వివరణ ఉండకూడదు. నాలుగు, మూడు నిమిషాల మౌనం. ఐదు, ఆ మాట తన బతుకులో ఎక్కడ తగిలిందో చెప్పుకోవడం. ఆరు, ఈ వారం మనం చేయాల్సిన పని. ఏడు, ఎవరికి తోచిన ప్రార్థన వాళ్ళు చేసి, చివర పరలోక జపం.

ఎక్కడ చెడేదో కూడా చెప్పాలి. మూడో మెట్టులో బాగా చదువుకున్నాయన ఎవరో ఒకరు ఆ మాటకి అర్థం చెప్పడం మొదలుపెడతారు, పది నిమిషాలు పోతాయి. నాలుగో మెట్టులో మౌనమంటే భయపడి, అర నిమిషానికే ఎవరో పాట ఎత్తుకుంటారు. గోడగడియారం వైపు చూస్తూ చేత్తో ఆపేవాళ్ళొకరుండాలి. ఐదో మెట్టు అన్నిటికన్నా నాజూకు. "నేను", "నాకు" అని మాత్రమే మాట్లాడాలి. "మనం ఇలా ఉండాలి", "కొందరు ఇలా చేస్తున్నారు" అని మొదలైతే ఎదురుగా కూర్చున్న కోడలు తల దించుకుంటుంది. మంచి నాయకురాలైతే నవ్వుతూనే, "మావయ్యా, అందరి సంగతీ ఫాదర్ గారు ఆదివారం చెప్తారు గానీ, మీ సంగతేటో చెప్పండి" అనేది. ఒకరు చెప్పుకున్నదానికి ఇంకొకరు సలహా ఇవ్వకూడదు, అడిగితే తప్ప. ఇంట్లో చెప్పుకున్నది గుమ్మం దాటకూడదు. ఈ చివరి నియమం ఒక్కసారి తప్పిందంటే ఆ ఇల్లు మళ్ళీ నోరు విప్పదు. కుళాయి దగ్గర మర్నాటికల్లా తన మాట తనకే వినబడినామె తిరిగి ఐదో మెట్టులో వాతావరణం గురించే మాట్లాడుతుంది.

ఇక ఆరో మెట్టు. వేళ మించిపోయిందని అన్నిటికన్నా ఎక్కువ ఎగరగొట్టింది దీన్నే. యూనిట్ ఉన్నదే దీనికోసమని మా గట్టి నమ్మకం. పాట ఒక చరణం తగ్గించినా ఫర్వాలేదు, ఆరో మెట్టుకి పది నిమిషాలు ఉంచాలి.

టీ సంగతి. టీ, రెండు మేరీ బిస్కెట్లు, అంతే. పాతికమందికి ఒకటిన్నర లీటరు పాలు, లీటరు పైచిలుకు నీళ్ళు సరిపోతాయి, చిన్న గ్లాసులైతే ఇంకా మిగులుతుంది. ఈ నియమం పెట్టింది పిసినారితనంతో కాదు. ఒకింట్లో బిస్కెట్ల పక్కన పకోడీ వచ్చింది. తర్వాతింట్లో మిరపకాయ బజ్జీ. ఆ పై వారం ఉప్మా, కేసరి. పుట్టినరోజు కలిసొచ్చిందని మరో ఇంట్లో బిర్యానీ. ఇదంతా చూసిన పోర్టు కలాసీ ఇల్లాలు తన వంతు వచ్చేసరికి, "ఈ వారం మా ఇంట్లో వద్దులెండి వదినా, సున్నాలు వేయిస్తన్నాం" అంది. రెండోసారి పిల్లకి జ్వరమంది. మూడోసారి తనే రావడం మానేసింది. ఇది ఒక యూనిట్ కథ కాదు, యూనిట్లు చెదిరిన ప్రతిచోటా కాస్త అటూఇటూగా జరిగిందిదే. క్రిస్మస్ ముందు వారం మాత్రం మినహాయింపు. గులాబీ పువ్వుల పిండివంటా కజ్జికాయలూ అందరూ కలిసి ఒకే ఇంట్లో వండి అందరికీ పంచేవారు, ఎవరి నూనె ఎంతో ఎవరూ చూడకుండా.

పిడికెడు బియ్యం గురించి ఎంత చెప్పినా తక్కువే. అన్నం వండే ప్రతిపూటా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేయాలి. పెద్దమ్మ పిడికిలి అయినా చిన్నకోడలి పిడికిలి అయినా సుమారు యాభై గ్రాములు. రెండు పూటలకీ కలిపి నెలకి మూడు కిలోలు. పదిహేను ఇళ్ళుంటే నలభైఐదు కిలోలు, దాదాపు రెండు కుటుంబాల నెల తిండి. డబ్బివ్వమంటే ముఖం చాటేసే ఇల్లు కూడా పిడికెడు బియ్యానికి వెనకాడదు.

తేవడం తేలికే, వాడటంలోనే తెలివి కావాలి. సన్నబియ్యం, రేషన్ బియ్యం, ఉప్పుడు బియ్యం అన్నీ ఒకే సంచిలో కలిపేస్తే అన్నం కొంత ముద్ద, కొంత పలుకు. తీసుకున్నవాళ్ళు నోరు తెరిచి చెప్పరు, కోళ్ళకి వేసేస్తారు. అందుకే మూడు డబ్బాలు ఉండాలి. రేషన్ బియ్యం నానబెట్టి పిండికి, రవ్వకి ఇచ్చేయవచ్చు. వర్షాకాలంలో సముద్రపు గాలికి నెల తిరక్కుండానే ముక్కపురుగు పడుతుంది. ఎండుమిరపకాయలో వేపాకో వేసి, నెలాఖరుకి డబ్బా ఖాళీ చేసేయాలి, వచ్చే నెలకి నిలవ పెట్టకూడదు. ఇక ఇవ్వడం. చీకటిపడ్డాక ఇద్దరే వెళ్ళాలి. పేరు నోట్‌బుక్‌లో రాయకూడదు, "ఒక ఇంటికి - 20 కిలోలు" అని మాత్రమే. గుళ్ళో చదవనేకూడదు. సముద్రం మీద వేట ఆపే రోజుల్లో, ఇప్పుడది ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు, అప్పట్లో కొంచెం తక్కువ, జాలరి కుటుంబాలున్న యూనిట్లకి పక్క యూనిట్ల డబ్బాలు కూడా వెళ్ళేవి. పుచ్చుకున్న ఇల్లే వేట మొదలయ్యాక ఒక బుట్టెడు చేపలు పంపించేది. ఎవరికి పంపించాలో వాళ్ళకి తెలియదు కాబట్టి విచారణకర్తల వంటింటికి వచ్చేవి.

ఆస్పత్రి విషయంలో యూనిట్లు నేర్చుకున్నది ఏమిటంటే, పగలు చూడ్డానికి ఇరవైమంది వస్తారు, రాత్రి తోడుకి ఒక్కరుండరు. రోగి భార్య మూడు రాత్రులు నిద్ర లేక నాలుగోనాడు తనూ మంచమెక్కుతుంది. అందుకని పండ్లు కొనడం తగ్గించి రాత్రి తోడు వంతులు వేశారు. తొమ్మిది నుంచి ఐదు దాకా ఒకరు. వెంట ఫ్లాస్కు, దుప్పటి, దోమల కాయిల్, చిల్లర. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఇద్దరికి మించకూడదు, పావుగంట దాటకూడదు, మంచం దగ్గర జబ్బు గురించి సొంత వైద్యం చెప్పకూడదు. ఎవరైనా పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు కాబట్టి మూడు రోజులు అన్నం వంతులవారీగా వెళ్ళేది. శవపెట్టె, సమాధి గొయ్యి, ఫాదర్ గారికి కబురు, ఒక్కోటి ఒక్కోరికి ముందే తెలుసు. సమాధుల పండుగకి, నవంబరు 2కి ముందు, దిక్కులేని సమాధులకి కూడా సున్నం వేసేవారు.

భార్యాభర్తల సంగతులు పాతిక మంది మధ్య మాట్లాడుకునేవి కావు. దానికి దంపతుల గుంపులు వేరే. ఐదు నుంచి ఏడు జంటలు, ఒక గురువు, నెలకోసారి. ఈ రకం గుంపులకి మూలం ఫ్రాన్సు. 1930ల చివర్లో ఫాదర్ హెన్రీ కఫరెల్ పారిస్‌లో నాలుగు జంటలతో మొదలుపెట్టారు, 1947లో వాటికి నియమావళి వచ్చింది. అందులోని ఒక నియమం మన వాడల్లో కూడా బాగా పనిచేసింది. నెలకోసారి భార్యాభర్తలిద్దరూ ఒక గంట తీరిగ్గా కూర్చుని మాట్లాడుకోవాలి. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. రెండుగదుల ఇంట్లో అత్తామామలు, మరిది, ఇద్దరు పిల్లలున్నప్పుడు ఆ గంట ఎక్కడ దొరుకుతుంది? అందుకే గుంపు చేసిన అసలైన సాయం, పిల్లల్ని చూసుకోవడం. ఈ శనివారం వాళ్ళ పిల్లలు మా ఇంట్లో, పై శనివారం మా పిల్లలు వాళ్ళింట్లో. జంట ఆర్‌కే బీచ్‌కో, అప్పూఘర్ వైపుకో బస్సెక్కి వెళ్ళి గోడమీద కూర్చునేది. పిడత కింద పప్పు కొనుక్కోవడానికి అడ్డు లేదు.

ఆ గంటకి క్రమం ఉంది. మొదట రెండు నిమిషాలు ప్రార్థన, ఇద్దరూ కలిసి. తర్వాత కాసేపు మౌనం. తర్వాత ఈ నెలలో ఎదుటివాళ్ళు చేసిన ఒక మంచిపని చెప్పాలి. కష్టం ఆ తర్వాతే, అదీ ఒక్కటే. డబ్బు లెక్కలు చివరికి. లేచేముందు ఒక్క నిర్ణయం. బీ షిఫ్టు దిగి వచ్చిన రాత్రి పెట్టుకుంటే అది తగవుతోనే ముగుస్తుంది. అత్తగారి పేరుతో మొదలుపెట్టినా అంతే. మాట పెగలని మగవాళ్ళకి ఇంకో పద్ధతి ఉండేది. స్పెయిన్‌లో ఫాదర్ గాబ్రియెల్ కాల్వో 1960ల్లో మొదలుపెట్టిన దంపతుల సదస్సుల నుంచి వచ్చింది. ఒక ప్రశ్నకి పది నిమిషాలు ఎవరి పుస్తకంలో వాళ్ళు రాసుకుని, పుస్తకాలు మార్చుకుని, పది నిమిషాలు మాట్లాడుకోవడం. నోటితో అరిచే మనిషి కూడా కాగితం మీద మెత్తగా రాస్తాడు, ఇది చాలా జంటలు చెప్పిన మాట.

ఆడవాళ్ళకి విడిగా సిస్టర్ గారు బిల్లింగ్స్ పద్ధతి, అంటే స్రావం చూసుకుని గర్భం నిలిచే రోజులు గుర్తుపట్టే పద్ధతి, నేర్పేవారు. ఒక చార్టు, మూడు రకాల బిళ్ళలు. బహిష్టు రోజులకి ఎరుపు, పొడి రోజులకి ఆకుపచ్చ, గర్భం నిలిచే వీలున్న రోజులకి పాపాయి బొమ్మ ఉన్న తెల్లబిళ్ళ. స్రావం జారుడుగా ఉన్న ఆఖరి రోజు తర్వాత మూడు రోజులు ఆగాలి, నాలుగో రోజు నుంచి భయం లేదని ఆ పద్ధతి లెక్క. ఆ ఆఖరి రోజు ఏదో మర్నాడు మార్పు కనబడ్డాకే తెలుస్తుంది. అందుకే ఏ రాత్రి బిళ్ళ ఆ రాత్రే అంటించాలి. వారానికోసారి జ్ఞాపకం తెచ్చుకుని అంటించిన చార్టులే ఎక్కువ దెబ్బతిన్నాయి. పద్ధతి చెడ్డదన్న పేరు కూడా వాటివల్లే వచ్చింది. భర్తకి ముందే చెప్పకుండా భార్యకి మాత్రమే నేర్పడం ఇంకో లోపం. ఆగాల్సింది ఇద్దరూ కదా.

తాగుడు, కొట్లాట ఉన్న ఇళ్ళకి ఒక పెద్ద జంట వెళ్ళేది. మగమనిషి ఒక్కడూ వెళ్ళకూడదు. తాగి ఉన్నప్పుడు వెళ్ళకూడదు, పొద్దున్న డ్యూటీకి వెళ్ళేముందు వెళ్ళాలి. జీతం రోజుకి రెండు రోజుల ముందు మాట్లాడితే ఫలితం ఎక్కువ, జీతం పడ్డ రాత్రికి ఏ మాటా చెవికెక్కదు. మానాలనుకున్నవాణ్ణి, తాగుడు మానేవాళ్ళు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి తీసుకెళ్ళేది పాత తాగుబోతే అయితే బాగుంటుంది. ఇంతవరకు యూనిట్లు బాగా చేశాయి. చెయ్యి చేసుకునే ఇళ్ళ దగ్గరే చాలా యూనిట్లు దారి తప్పాయి. "సర్దుకుపో తల్లీ, పిల్లల ముఖం చూడు" అని పంపించేశారు. ముందు ఆమెనీ పిల్లల్నీ ఆ రాత్రికి క్షేమమైన ఇంట్లో పెట్టి, మాటలు తర్వాత మాట్లాడాల్సింది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, ఆడవాళ్ళ సాయానికి 181 ఫోన్ నంబరు ఉంది. ఇప్పుడు యూనిట్ నడిపే వాళ్ళు ఆ నంబరు నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకోవాలి.

డబ్బు యూనిట్లని చంపినంతగా మరేదీ చంపలేదు. అందరూ నమ్మకస్తులే కదా అని ఎవరో చీటీ మొదలుపెడతారు. పాడుకున్నవాడు కట్టడం ఆపేస్తాడు, వాడింటికి ప్రార్థనకి ఎవరు వెళ్తారు? మంచి విచారణకర్తలు అందుకే యూనిట్ పేరుమీద చీటీలూ అప్పులూ వద్దని మొదటి రోజే చెప్పేవారు. డబ్బాలో కానుక ఎంత పడినా నెలాఖరుకి సున్నా చేయమనేవారు. రెండేళ్ళకి నాయకుణ్ణి మార్చమనేవారు. మార్చనిచోట విచారణ కౌన్సిల్ ఎన్నికలు యూనిట్‌లోకి వచ్చాయి.

యూనిట్లు చెదరడానికి చెప్పే కారణాల్లో మిగిలింది టీవీ సీరియళ్ళు, ట్యూషన్లు, ఊరి చివర మధురవాడ, పెందుర్తి వైపు కట్టుకున్న ఇళ్ళు. వాటిమీద నేరం మోపడం తేలిక గానీ, పైన చెప్పినవి సరిగ్గా ఉన్న యూనిట్లు సీరియల్ వేళ తప్పించి నడుపుకున్నాయి. అపార్టుమెంట్లలో మళ్ళీ మొదలుపెడదామనుకునే వాళ్ళకి ఎనిమిది ఫ్లాట్లు చాలు. ఆదివారం సాయంత్రం ఐదింటికి, గంటసేపు. వచ్చేవాళ్ళ పేర్లు వాచ్‌మన్‌కి ముందే చెప్పి ఉంచాలి, గేటు దగ్గర ఒకసారి ప్రశ్నలు పడిన పెద్దాయన రెండోసారి రాడు. వాట్సాప్‌లో పిలిచినా లిఫ్టెక్కి ఒకసారి తలుపు తట్టండి. మొదటి మూడు నెలలు డబ్బు డబ్బా తెరవకండి, బియ్యం డబ్బా మాత్రం మొదటి వారమే పెట్టేయండి.

పాత యూనిట్ నోట్‌బుక్‌లు ఎవరింట్లోనైనా అటక మీద ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి, విచారణ కార్యాలయంలో ఇవ్వండి. పెళ్ళికి జ్ఞానస్నాన ధ్రువపత్రం కావాల్సొచ్చి, తాతలు ఏ విచారణ నుంచి వలస వచ్చారో తెలియక తిరిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ వెనక పేజీల్లో వాళ్ళ ఇంటిపేరు దొరుకుతుంది.